సముద్రం పడని జాలరి

మా బావ కెలెమెండి పోయినప్పుడు పాస్టరుగారు చర్చిలో అరగంటసేపు మాట్లాడారు. ప్రేమగల భర్త అన్నారు, మనవలంటే ప్రాణం పెట్టే తాత అన్నారు, ఆపదలో ఆదుకునే స్నేహితుడు అన్నారు, కొరోసులే గ్రామం గర్వించదగ్గ జాలరి అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. మితభాషి అని కూడా అన్నారు. నేను బెంచీ మీంచి కింద పడబోయాను. మా బావ నోరు మెదపకుండా అంతసేపు పడుకోవడం ఊరు చూడటం అదే మొదటిసారి. అయినా పాస్టరుగారిని అని లాభం లేదు. ఆయన మా దీవికి వచ్చి ఏడాది కూడా కాలేదు, ఎవరో చెప్పింది నమ్మి చదివారు. ఆ చెప్పినవాళ్లను అనాలి.

నా పేరు నావితలై. కొరోసులేకి ఎదురుగా, అఖాతం అవతలి ఒడ్డు మాది. కెలెమెండి పెళ్లాం తరైవిని నా చెల్లెలు. అంచేత అతను నాకు బావ, నేను అతనికి బావ. మా దగ్గర బావను ఏడిపించే హక్కు పుట్టుకతోనే వస్తుంది. బావ కాలు జారి పడితే ముందు పడీపడీ నవ్వి, ఆ తర్వాత చెయ్యి అందించాలి. బావ చచ్చిపోతే శవం పక్కన కూచుని వాడి బండారమంతా బయటపెట్టాలి. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే మధ్యమధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాలి. అలా జరక్కపోతే, అయ్యో, ఈ మనిషికి ఒక్క బావ కూడా లేడు కాబోలు అని పక్క ఊళ్లవాళ్లు జాలిపడతారు.

చెప్పొద్దూ, నా దగ్గర సరుకు బోలెడుంది. అతను మంచం పట్టిన దగ్గర్నుంచీ మనసులో వరస పెట్టుకుంటూనే ఉన్నాను. అతనికీ తెలుసు. "ఆ పంది సంగతి మాత్రం చెప్పకు బావా" అన్నాడు చివరిసారి చూసినప్పుడు. "మొదట చెప్పేది అదే" అన్నాను. హాయిగా నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

తీరా ఏమైంది? సమాధి అయ్యాక మగాళ్లమంతా పందిట్లో చాపల మీద కూచున్నాం. చనిపోయినవాడి మీద గౌరవంతో నూరో రాత్రి దాకా తలా ఒక ఇష్టమైనదాన్ని వదులుకోవాలి కదా, కెలెమెండి వాళ్ల అన్న అపిసాయి ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. ఒకడు పొగాకు మానేస్తానన్నాడు. ఒకడు మత్తెక్కించే యంగోనా కషాయం ముట్టనన్నాడు, నిజంగానే ముట్టలేదు, మెచ్చుకోవాలి. పెథెలిగాడు గొడ్డుమాంసం వదిలేస్తున్నానని గొంతు గద్గదం చేసుకుని చెప్పాడు. వాడు గొడ్డుమాంసం తినేది క్రిస్మస్‌కి, అదీ ఎవరైనా పెడితే. గడ్డమే మొలవని వాడొకడు గడ్డం గీసుకోనన్నాడు. ఇంతలో నా వంతు వచ్చింది.

"నువ్వేం వదులుతావు నావితలై?" అన్నాడు అపిసాయి.

నోరు తెరిచాను. అతనంటే నాకు ప్రాణం. ఆ మాట బతికుండగా చెబితే నెలరోజులు ఆటపట్టించేవాడని ఎప్పుడూ చెప్పలేదు. నాకిష్టమైనదేమిటని వెతుక్కుంటే ఒకటే కనబడింది.

"వీణ్ణి వెక్కిరించడం" అన్నాను. "నూరో రాత్రి దాకా వీడి గురించి ఒక్క మాట మాట్లాడను."

పందిరంతా అబ్బా అంది. ఇద్దరు ముసలాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పెద్దల ముందు అన్న మాట, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఎంత తెలివితక్కువ పని చేశానో ఆ సాయంత్రమే తెలిసొచ్చింది, ఎందుకంటే పొగడ్తలు అప్పుడే మొదలయ్యాయి.

ఏ పొగడ్తలని చెప్పను! పరామర్శకని కానుకగా చాపలు మోసుకుంటూ ఏ ఊరినుంచి ఎవరొచ్చినా, వాళ్లను కూచోబెట్టి మా బావను ఆకాశానికి ఎత్తడమే. పెథెలి అంటాడు కదా, "తుపానులో ఇంజను ఆగిపోతే కెలెమెండి తాడు పళ్లతో పట్టుకుని ఈదుకుంటూ పడవని ఒడ్డుకి లాక్కొచ్చాడు!" ఆ పడవలో నేనూ ఉన్నాను. ఈదింది పెథెలి వాళ్ల అన్న. మా బావ పడవ అడుగున బోర్లా పడుకుని నీళ్లు తోడే బకెట్టును కౌగిలించుకుని ఉన్నాడు, ఆ బకెట్టు ఆయన విడిచిపెట్టకపోవడం వల్లే మేం నీళ్లు చేతుల్తో తోడుకున్నాం. ఇది చెప్పకుండా నాలుక కరుచుకుని కూచోవడం అంటే మాటలా? నాలుక పుండు పడింది.

అసలు సంగతి ఇది. కొరోసులేలో ఒక్కో వంశానికి ఒక్కో పని. ఒకరిది ఊరినేలే పెద్దాయన తరఫున మాట చెప్పే వంశం, ఒకరిది వడ్రంగం, కెలెమెండి వాళ్లది పెద్దాయనకు సముద్రపు చేప తెచ్చిపెట్టే జాలరి వంశం. ఆ వంశంలో పుట్టిన మా బావకు సముద్రం పడదు. పడవ ఒడ్డు వదిలి ఊగడం మొదలైతే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికే. ఊగని పడవలో కూడా ఎదుటి పడవను చూసి వాంతి చేసుకున్న మనిషి.

మా చెల్లెల్ని అడగడానికి వచ్చినప్పుడే అది బయటపడింది. అపిసాయి పిల్లనడిగే ఆచారం ప్రకారం తిమింగలం పన్ను చేతుల్లో పట్టుకుని మా నాన్న ఎదుట మోకాళ్ల మీద కూచుని గొప్పగా మాట్లాడుతున్నాడు. మా నాన్న అటూ ఇటూ చూసి, "పెళ్లికొడుకేడీ?" అన్నాడు.

"సీమపనస చెట్టు కింద ఉన్నాడండీ. ప్రార్థన చేసుకుంటున్నాడు."

చెట్టు కిందనుంచి ప్రార్థన మాకందరికీ వినబడుతూనే ఉంది.

"ఆ ప్రార్థనేదో కాస్త అటు తిరిగి చెయ్యమను, గాలి ఇటు కొడుతోంది" అన్నాడు మా నాన్న.

అయినా పిల్లనిచ్చాడు, పైగా తన చేతిగడియారం తీసి అల్లుడికి పెట్టాడు. ఏం చూసి ఒప్పుకున్నావే అని మా అమ్మ అడిగితే తరైవిని, "అంత అవస్థలో కూడా నన్ను చూసి నవ్వాడమ్మా" అందట.

పెళ్లయ్యాక మా ఊరికి రావాలంటే పడవలో చుట్ట కాల్చి పారేసేంతలో వచ్చెయ్యొచ్చు. మా బావ మాత్రం కొండెక్కి దిగి పూటంతా నడిచి వచ్చేవాడు. "నడిస్తే ఒళ్లు గట్టిపడుతుంది బావా" అనేవాడు. దారిలోకని మా చెల్లెలు కట్టిచ్చిన కర్రపెండలం, మాకని పంపిన కొబ్బరి పాయసం, అన్నీ దారిలోనే ఖాళీ చేసి, ఒట్టి ఆకులు పట్టుకొచ్చేవాడు. గట్టిపడింది పొట్ట ఒక్కటే.

మరి చేపలెలా పట్టేవాడంటారా? వంశం పరువు కాపాడాలి కదా, తమ్ముళ్లు పొద్దున్నే ఆయన్ని పడవెక్కించి, పగడపు దిబ్బకు ఈ పక్కనే ఉన్న ఇసుకతిన్నె మీద దింపేసి, సముద్రంలోకి పోయేవాళ్లు. అక్కడున్న ఒకే ఒక కొబ్బరిచెట్టు కింద ఈయన నిద్రపోయేవాడు. వచ్చేటప్పుడు మళ్లీ ఎక్కించుకుని, ఒడ్డుకు చేరగానే అన్నిటికంటే పెద్ద చేప ఈయన భుజాన పెట్టేవాళ్లు. ఈయన ముందు నడిచేవాడు. ఆ నడక చూడాలి! ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ కిక్కురుమనేవారు కాదు. అనేవాణ్ణి నేనొక్కణ్ణే. "బావా, చెంప మీద ఇసుక అంటుకుంది, తుడుచుకో" అనేవాణ్ణి.

ఇంట్లోకి నాలుగు చేపలు వచ్చేవంటే అది మా చెల్లెలి పుణ్యం. ఆటుకు నీళ్లు తీసినప్పుడల్లా నడుం లోతులో వల పట్టుకుని దిబ్బ మీదే ఉండేది. పిల్లల్ని పెంచింది ఆ వల. మనవల్ని పెంచిందీ ఆ వలే. ఆ మాట మాత్రం పొగిడేవాళ్లలో ఒక్కరి నోటా రాలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా దగ్గర ఈడొచ్చాక అన్నాచెల్లెళ్లు ఎదురుగా మాట్లాడుకోకూడదు. అది గౌరవం. నేను వాళ్లింటికి వెళితే తరైవిని వంటింటి గుమ్మం దగ్గర అటు తిరిగి కూచుని మొగుడితో, "అన్నయ్యకి టీ కావాలేమో అడుగు" అనేది. నేను మూడు బారల దూరంలో ఉండి వింటూనే ఉంటాను. మా బావ నావైపు తిరిగి గొంతు సవరించుకుని, "బావా, మీ చెల్లెలు అంటోంది, ఈ మనిషి టీకి వచ్చాడా, రాత్రికి కూడా ఉండిపోతాడా, ఆ పొట్ట చూస్తే నాకు భయంగా ఉంది, అంటోంది" అనేవాడు. గుమ్మం దగ్గర తరైవిని భుజాలు కదిలేవి నవ్వుకి. నేనేదైనా చెబితే దాన్నీ అలాగే పాడుచేసి అందించేవాడు. నలభై ఏళ్లు మా చెల్లెలూ నేనూ అలాగే మాట్లాడుకున్నాం. ఒక్క కబురూ సరిగ్గా చేరలేదు, ఒక్కటీ అందకపోలేదు.

అతను పోయాక ఆ ఇంటికి వెళితే తను గుమ్మం దగ్గర అటు తిరిగి కూచుంది, నేను చాప మీద ఇటు తిరిగి కూచున్నాను. మధ్యలో ఎవరూ లేరు. నల్లబట్టల్లో మనిషి సగమైపోయింది. నూరో రాత్రి దాకా చేప ముట్టనని మొక్కుకుంది, సరే. వల తీసి గోడకు తగిలించింది, అదీ సరే. నన్ను కలవరపెట్టింది మరొకటి. ఎవరు ఏ పొగడ్త పొగిడినా ఊఁ అనదు, ఆఁ అనదు, పరాయి ఊరి మనిషి కబుర్లు వింటున్నట్టు వింటుంది.

నూరో రాత్రికి వారం ఉందనగా తరైవిని మనవరాలు లైసాని పడవేసుకుని మా ఒడ్డుకొచ్చింది. దీవి ఆసుపత్రిలో నర్సు అది, ఊరికే బెదిరే పిల్ల కాదు. వస్తూనే ఏడ్చింది.

"తాతా, అవ్వ నల్లబట్టలు విప్పనంటోంది."

"విప్పకపోవడమేమిటే? నూరో రాత్రి విందులో పూలబట్టలు కట్టాల్సిందేగా?"

"అదే నేనూ అన్నాను. అవ్వేమందో తెలుసా? వాళ్లు నూరో రాత్రి చేస్తున్నది ఎవరికో నాకు తెలీదు, ఆ మితభాషికి నేను పెళ్లాన్ని కాను, నా మొగుడికి ఇంకా ఏ రాత్రీ జరగలేదు, అంది. ఆ విందు కాస్తా దాటిపోతే ఇంక చచ్చేదాకా ఆ నలుపులోనే ఉండిపోతుంది తాతా. తిండి కూడా సరిగ్గా తినడం లేదు. నువ్వేదైనా చెయ్యి."

"నేనేం చేస్తానే? నోరు కట్టేసుకున్నాను కదా!"

"ఎవరు కట్టుకోమన్నారు? గొడ్డుమాంసం వదిలెయ్యలేకపోయావా?" అంది. అచ్చం వాళ్ల తాతే.

నూరో రాత్రి పేరుకే రాత్రి, విందు మిట్టమధ్యాహ్నమే. నేలలో తవ్విన పొయ్యిలోంచి పందులు తీశారు, చేమదుంపలు తీశారు. తమ్ముళ్లు తెచ్చిన పెద్ద పార చేపను కొబ్బరిపాలలో వండి, తల అపిసాయి ముందు పెట్టారు. తల ఎప్పుడూ పెద్దవాడికే. ఆడవాళ్లు ఒక వైపు, తరైవిని వాళ్ల నడుమ, నల్లబట్టల్లో. పూలబట్టలు మడతపెట్టి పక్కనే ఉంచారు. వాటి వంక తను చూడనైనా చూడలేదు.

అపిసాయి లేచి, "మా తమ్ముడు గొప్ప జాలరి" అని మొదలుపెట్టాడు. "పెద్దాయన పట్టాభిషేకంనాడు మనిషంత పార చేపను ఒంటరిగా పట్టి తెచ్చాడు. ఆ మాట సమాధి మీద చెక్కిస్తున్నాం."

అమ్మయ్య, గడువు తీరింది. నేను లేచి నిలబడ్డాను.

"ఒంటరిగానే" అన్నాను. "ఆయన దగ్గరికి ఎవరు వెళతారు, ఆ వాంతి కంపుకి?"

పందిరంతా ఉలిక్కిపడింది. పాస్టరుగారి చేతిలో చెంచా ఆగిపోయింది. నేనాగలేదు. నూరు రోజుల సరుకు మరి! సీమపనస చెట్టు కింద ప్రార్థన చెప్పాను. ఇసుకతిన్నె చెప్పాను, తమ్ముళ్లు తలలు దించుకున్నారు. బకెట్టు సంగతి చెప్పాను. మనవలకు సొరచేప కరిచిందని చూపించే కాలి మచ్చ నిజానికి పంది కరిచిందని, ఆ పందికి భయపడి ఆర్నెల్లు వీధి గుమ్మంలోంచి కాక కిటికీలోంచి తిరిగాడని చెప్పాను. ఎక్కడో ఒక మూల ఒక ముసలమ్మ కిసుక్కుమంది. ఆ తర్వాత పెథెలి. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పలేను, ఏడుపులూ నవ్వులూ కలిసిపోయాయి. నేను మాత్రం ఆడవాళ్ల వైపు చూడకుండా, చెవి అటు పెట్టి ఉంచాను. అక్కడినుంచి ఏ చప్పుడూ లేదు.

ఇక దాచుకున్న చివరిది తీశాను. "ఆ పార చేప సంగతి కూడా వినండి. నాకొక్కడికే చెప్పాడు, రహస్యం బావా, ఎవరికీ చెప్పకు అని. దారినపోయే పడవవాళ్లకి మా నాన్న పెట్టిన గడియారం ఇచ్చి కొన్నాడు ఆ చేపని!"

"అబద్ధం!"

ఆడవాళ్ల మధ్యనుంచి వచ్చింది ఆ గొంతు. తరైవిని లేచి నిలబడి ఉంది. సూటిగా నా మొహంలోకి చూస్తోంది.

"అబద్ధం అన్నయ్యా. గడియారం పంది మింగింది. దాన్ని కాలితో తొక్కిపట్టి లాగబోతేనే కాలు కరిచింది. నాన్న తిడతాడని నీకలా చెప్పాడు. కొన్నాడట! ఆ చేపని పట్టింది నేను."

అన్న మొహం చూసి చెల్లెలు మాట్లాడటం ఆ పందిట్లో ఎవరూ ఎరగరు. ఆ దొంగవెధవ, నా దగ్గర కూడా అబద్ధమే ఆడాడన్నమాట! ఇన్నేళ్లూ ఆ రహస్యం నేను గుండెల్లో పెట్టుకు మోశాను!

"దిబ్బ చీలిక దగ్గర వల్లో పడింది" అంటోంది తను, వెనక్కి తగ్గకుండా. "వల చింపుకుని పోతోంటే దానిమీద పడి రెండు చేతులా వాటేసుకున్నాను. నన్ను కూడా లోతుకి ఈడ్చుకుపోతోంది. ఈ మహానుభావుడు ఒడ్డు మీద నుంచుని 'దేవుడా దేవుడా' అని గంతులు. తర్వాత నడుం లోతు నీళ్లలోకి దిగాడు నా కోసం. దిగి, దాని తల మీదే వాంతి చేసుకున్నాడు."

అని, అక్కడే ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే భోరుమంది. లైసాని పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు అపిసాయి, ఎటు చూడాలో తెలియక.

"ఎందుకు చెప్పాలి? ఆ చేప భుజాన వేసుకుని ఊళ్లోంచి ఎలా నడిచాడో మీరు చూశారుగా? నాకది చాలు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ చేప ఆయనది. చచ్చాక రాయి మీద చెక్కుతానంటే మాత్రం నేనూరుకోను."

అపిసాయికి చెమట పట్టింది పాపం, వంశం పరువు కదా. ఆ తర్వాత మోకాళ్ల మీద కూచుని, పెద్దాయనకు గౌరవంగా కొట్టినట్టు, రెండు అరచేతులూ డొప్పల్లా చేసి మెల్లగా చప్పట్లు కొట్టాడు. తమ్ముళ్లూ కొట్టారు. పాస్టరుగారు నా పక్కకి వంగి, "నాకివేవీ ఎవరూ చెప్పలేదే?" అన్నారు.

"మీరు బావను అడగలేదుగా" అన్నాను.

ఆడవాళ్లు చుట్టూ చేరి నల్లబట్టలు తీసేసి, పూలబట్టలు కట్టారు. ఎర్ర పూలవి. తను మళ్లీ చాప మీద కూచుని, మొరటుగా ముంజేత్తో మొహం తుడుచుకుంది. తుడుచుకుని మగాళ్ల వైపు చూసింది.

"అన్నయ్యా, ఆ చేప తల ఇటు పట్రా. పట్టినదాన్ని నేను."

అపిసాయి తన ముందున్న ఆకును నావైపు జరిపాడు. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని పందిరి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. మధ్యలో కూచుని నా మాటను పాడుచేసి అందించేవాడు లేడు. ఆకు తన ముందు పెట్టి, తను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అక్కడే కూచున్నాను.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

"లేదు" అంది మా చెల్లెలు.